వాగు ఒడ్డు గడ్డి

మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. పోయిన వానాకాలం మా మరిది వాగు ఒడ్డు గడ్డినంతా జేసీబీతో గీకించి, నీళ్ల అంచు దాకా వరి నాటించాడు.

"ఆ గడ్డే పొలంల కొట్టిన మందును వాగులకు పోకుంట ఆపుతది, తియ్యొద్దని రూల్ ఉంది" అని జేసీబీ దిగిన రోజే చెప్పాడు వ్యవసాయాధికారి.

"గడ్డికి గూడ రూలా సార్?" అని నవ్వాడు మరిది.

పురుగుమందు కొట్టిన సాయంత్రమే కుండపోత వాన. తెల్లారి వాగులో చేపలు తేలాయని ఊరంతా గంపలతో ఉరికింది. నేనూ తెచ్చి పులుసు పెట్టాను. అత్తమ్మ ముద్ద నోటి దాకా ఎత్తింది.

"అమ్మా, తినకు! నా మందుకే సచ్చినయ్ అవి!" వాకిట్లోంచి మరిది కేక.

అత్తమ్మ చెయ్యి పట్టి గుంజాను. ముద్ద నేలపాలైంది.

గడ్డిని చూసి నవ్విన ఆ నోటితోనే మరిది ఇంటింటికీ ఉరికి, "తినకుర్రి, దండం పెడత" అని మొత్తుకున్నాడు. ఇన్నేళ్లూ మా కంచాలకు కాపలా కాసింది ఆ పిచ్చిగడ్డేనా!