తోడల్లుడి ట్యాంక్‌లో లేని పాచి

2023 వసంతం. కాలిఫోర్నియాలో శాన్ రామన్ చుట్టుపక్కల ఇళ్ళలో అక్వేరియాలు చూసుకునే పనిలో దిగి అప్పటికి ఆరేళ్ళయింది. నీళ్ళు మార్చడం, మొక్కలు కత్తిరించడం, చేపలకు ఏమైనా అయితే కారణం పట్టుకోవడం నా పని. ఇదీ ఒక వృత్తేనంటే మా బంధువులకు ఇప్పటికీ నమ్మకం కుదరదు.

"అక్కా, మా ట్యాంక్ కంపు కొడుతోంది. ఒకసారి రాగలరా?" అని ప్రవీణ్ ఫోన్ చేశాడు. సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. హాల్లో నాలుగడుగుల ప్లాంటెడ్ ట్యాంక్, అంటే చేపలకన్నా మొక్కలకే పెద్దపీట వేసే తొట్టి. వెళ్ళి చూస్తే ఇసుక మీదా ఆకుల మీదా నీలిపచ్చ జిగురు పరుచుకుని ఉంది. వేలితో లాగితే పొరలా ఊడి వచ్చింది. పాత బురద వాసన.

"నాచు మందు రెండుసార్లు వేశానక్కా. అస్సలు పోవట్లేదు."

"ఇది నాచు కాదు, సయనోబాక్టీరియా. నాచులాగే వెలుతురుతో బతుకుతుంది గానీ జాతి వేరు. నాచుకి వేసే మందులన్నీ దీనికి పనిచేయవు."

నీళ్ళు టెస్ట్ చేశాను. మొక్కలకు తిండిలాంటి నైట్రేట్ దాదాపు లేనే లేదు. ఎరువు వేస్తే నాచు పెరుగుతుందని ఎక్కడో చదివి పూర్తిగా మానేశాడట. ఆకలితో మొక్కలు నీరసిస్తే ఆ జాగా ఈ జిగురు ఆక్రమిస్తుంది. పైగా తొట్టి మీద కళ్ళు జిగేల్‌మనే లైటు, పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా.

"ఇంత పెద్ద లైటు ఎందుకు కొన్నారు?"

"రఘు అన్నయ్య దగ్గర ఇదే ఉంది కదా!" అన్నాడు, అంతకన్నా కారణం ఏం కావాలన్నట్టు.

రఘు అతని తోడల్లుడు. ప్రవీణ్ భార్య సౌమ్యకు అక్క మొగుడు. రెండు వీధుల అవతలే ఇల్లు. ఆ పేరు రాగానే ప్రవీణ్ గొంతు మారింది. "ఇల్లు ఆయనే ముందు కొన్నాడు, రేట్లు తక్కువున్నప్పుడు. గ్రీన్ కార్డూ ఆయనకే ముందు. సర్లే అనుకున్నా. చేపల తొట్టి దగ్గర కూడానా అక్కా? మా పాప అక్కడికెళ్ళొచ్చి, 'డాడీ, పెద్దనాన్న ఫిష్ హ్యాపీ ఉంది, మన ఫిష్ శాడ్ ఉంది' అంటోంది."

జిగురంతా గొట్టంతో పీల్చేసి, సగం నీళ్ళు మార్చి, బ్లాకౌట్ పెట్టాను. అంటే తొట్టికి దుప్పటి కప్పి నాలుగు రోజులు చీకట్లో ఉంచడం. చేపలకు ఊపిరాడాలని గాలి పంపు నడిపించాను. తర్వాత లైటు రోజుకి ఆరు గంటలే, ఎరువు కొద్దికొద్దిగా, నీళ్ళు మూలమూలకీ తిరగాలి అని చెప్పి వచ్చాను. ట్యాంక్ తేటపడింది.

నెల తిరక్కుండా మళ్ళీ ఫోన్. ఈసారి ఇంకా దట్టంగా పట్టింది. రఘు ఇంట్లో భోజనానికి వెళ్ళి, అక్కడి ఎర్రమొక్కలు చూసి వచ్చి, ఆ ఎరుపు రావాలంటే వెలుతురు కావాలని లైటు మళ్ళీ ఫుల్లుగా పెట్టేశాడని సౌమ్య చెప్పింది. ప్రవీణ్ మాత్రం ఇంకో కారణం పట్టుకున్నాడు.

"ఆయనిచ్చిన మొక్కలతోనే వచ్చిందక్కా ఇది. కావాలనే ఇచ్చాడు. ఇక వాళ్ళింటికి ఎవరూ వెళ్ళొద్దని చెప్పేశా."

సౌమ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చేపల తొట్టి పుణ్యమా అని అక్కచెల్లెళ్ళు విడిపోయేలా ఉన్నారు.

మొక్కల సంగతి తేల్చుకుందామని సౌమ్యతో చెప్పించుకుని ఒక బుధవారం మధ్యాహ్నం రఘు ఇంటికి వెళ్ళాను. ఆయన లుంగీలో, చేతిలో పొడుగు కత్తెరతో ఉన్నాడు. ట్యాంక్ చూసి నాకే కన్నుకుట్టింది. నా చేతుల మీదుగా నడిచే తొట్టి ఒక్కటీ అంత అందంగా లేదు. జిగురు జాడైనా లేదు.

"ఈరోజు లీవా అండీ?" అన్నాను.

ఆయన కత్తెర కింద పెట్టాడు. "లీవ్ కాదండీ. లేఆఫ్. జనవరి నుంచి ఇంట్లోనే. నా భార్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు. రోజంతా చేసేదేముంది, దీని ముందే కూర్చుంటా." తేలుతున్న ఆకొకటి నీళ్ళలోంచి తీస్తూ అన్నాడు: "పిల్లాణ్ణి స్కూల్లో దింపడానికి ప్రవీణ్ ఇంటి మీదుగానే వెళ్తాను. బ్యాడ్జ్ తగిలించుకుని కారెక్కుతుంటాడు. చూస్తే కడుపు మండుతుందండీ. నాకంటే చిన్నవాడు."

ఆ మాట నేను బయటపెట్టదలచుకోలేదు. "మీరొకసారి వచ్చి వాళ్ళ ట్యాంక్ చూడండి. నేను చెప్తే వినడం లేదు," అన్నానంతే.

శనివారం నేను జిగురు తీస్తుండగా రఘు వచ్చాడు. ప్రవీణ్ ముఖం గంటు పెట్టుకున్నాడు. "ఏమన్నయ్యా, మళ్ళీ మొక్కలు తెచ్చారా?"

"తేలేదు. నీకున్న టైమ్‌తో నాలాంటి ట్యాంక్ కుదరదు, ప్రవీణ్. నాకు ఉద్యోగం ఉన్నప్పుడు నా తొట్టీ ఇలాగే కంపు కొట్టింది."

"ఉన్నప్పుడంటే?"

రఘు చెప్పాడు. వినగానే ప్రవీణ్ ముఖంలో ఒక్క క్షణం తేలికదనం కనిపించింది. నేను చూశాను. రఘు కూడా చూసే ఉంటాడు. మరుక్షణం ప్రవీణ్ తల దించుకుని, లేచి వెళ్ళి, లైటు తానే తగ్గించాడు. "సౌమ్యా, అన్నయ్య ఇక్కడే తింటాడు," అన్నాడు లోపలికి చూసి.

ఆ తర్వాత జిగురు రాలేదు. ప్రవీణ్ తన కంపెనీలో రఘుకి రెఫరల్ ఇచ్చాడు గానీ అది కుదరలేదు. ఆకులు రాలే కాలానికి రఘుకి వేరేచోట ఉద్యోగం దొరికింది. కొన్నాళ్ళకి ప్రవీణ్ ఫోన్: "అక్కా, అన్నయ్య ట్యాంక్‌కి నాచు పట్టిందంట. మీ నంబరిచ్చా." గొంతులో నవ్వు దాచుకోలేకపోయాడు.

అసూయను సైఫన్ గొట్టం పెట్టి లాగేయలేమని అప్పుడు తెలిసింది. కానీ అది ఎవరింటి వెలుతురు తాగి పెరుగుతోందో కనిపెట్టవచ్చు. అందుకే కొత్త ఇంటికి వెళ్తే, నీళ్ళు టెస్ట్ చేయకముందే అడుగుతాను: "ఎవరి ట్యాంక్ చూసి ఇది పెట్టుకున్నారు?" చాలామంది ముందు భార్య వైపో, భర్త వైపో ఒకసారి చూస్తారు.