ఎడమ చేతుల టైలరమ్మ

వాళ్ల ఊళ్లో ఆవిణ్ని అందరూ టైలరమ్మ అనేవారు. అసలు పేరుతో పిలిచే తల్లీతండ్రీ పోయాక ఆ పేరు కాగితాల మీదే మిగిలింది. ఇంటి ముందుగదిలో కుట్టుమిషను, గుమ్మం బయట ఒక చెక్కబల్ల. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు కొలతలిచ్చి ఊరుకునేవారు కాదు. ఎవరింట్లో ఎవరు అలిగారో, ఎవరి మోకాలు వాన ముందు సలుపుతుందో, ఏ పిల్ల ఎవరికి మనసిచ్చిందో, అన్నీ ఆ బల్ల మీద తేలాల్సిందే. కుట్టించుకున్న జాకెట్టు బిగుతుగా ఉందని ఎవరైనా పేచీ పెడితే, "తప్పు నా కత్తెరది కాదమ్మా, నీ వంటింటిది" అని మొహం మీదే అనేసేది. కోపమొచ్చినా ఏం లాభం? మళ్లీ ఆవిడ దగ్గరికే రావాలి.

నలభై దాటిన ఆవిడ ఉన్నట్టుండి మహానగరానికి మారాల్సి వచ్చింది. మొగుడు బస్సుల మెకానిక్కు, నోట్లో నాలుక లేని మనిషి. వాళ్ల ఊరి డిపో మూసేసి అతన్ని నగరంలో పెద్ద డిపోకి వేశారు.

"వెళ్లకపోతే ఏమవుతుంది?" అని అడిగింది ఆవిడ.

"ఉద్యోగం పోతుంది."

"వెళ్తే?"

"ఉంటుంది."

ఆ మనిషితో ఏ వాదనైనా అంతే. మొదలెట్టేలోపే అయిపోతుంది.

అతని చెల్లెలు చాలా ఏళ్లుగా నగరంలోనే ఉంటోంది. పళ్ల డాక్టరు దగ్గర, వచ్చినవాళ్లని కూర్చోబెట్టి లోపలికి పంపే ఉద్యోగం. తనుండే మేడలోనే అన్నయ్యకి రెండు గదులు చూసిపెట్టింది. మంచి పిల్లే. కాకపోతే ఒక్కటే చిక్కు. నోరు తెరిస్తే చాలు, "ఇక్కడ అలా కాదు వదినా" అంటుంది.

సామాను దించిన రోజే మొదలైంది. లిఫ్టులో ఒకాయన చేతిలో సంచితో నిలబడి ఉంటే, "ఏ అంతస్తు బాబూ మీది?" అని పలకరించింది టైలరమ్మ. ఆయన విననట్టు తలెత్తి పైకి చూశాడు.

"ఇక్కడ అలా కాదు వదినా," అంది ఆడపడుచు, ఆయన దిగిపోయాక. "లిఫ్టులో ఎవరూ మాట్లాడరు."

"మరేం చేస్తారు?"

"అంకెలు చూస్తారు."

మర్నాడు ఎదురింటి తలుపు తట్టింది. గొలుసు తియ్యకుండానే తలుపు కాస్త తెరుచుకుంది. సందులోంచి ఒక కన్నూ అర ముక్కూ కనబడ్డాయి.

"ఏం కావాలండీ?"

"ఏమీ వద్దండీ. ఎదురింట్లోకి వచ్చాం, చెబుదామని."

"సరే," అంది అర ముక్కు. తలుపు మూసుకుపోయింది.

ఏమీ అక్కర్లేని మనిషి తలుపెందుకు తట్టిందో వాళ్లకి అర్థం కాలేదు. ఏమైనా కావాలంటేనే మనిషిని పలకరించాలా అన్నది ఈవిడకి అర్థం కాలేదు.

ఇక గదుల సంగతి. వంటగదిలో ఫ్రిజ్జు తలుపు తీస్తే మనిషి బయటికి రావాలి. పడగ్గది కిటికీలోంచి చెయ్యి చాపితే పక్క మేడ గోడ తగులుతుంది. తెచ్చుకున్న మిషను మంచానికీ గోడకీ మధ్య ఇరికించారు. దాని దగ్గరికి వెళ్లాలంటే మంచమెక్కి అవతలికి దిగాలి. సరే, తంటాలు పడి దిగి, ఒక దిండు గలీబు కుడదామని తొక్కిందో లేదో, కిందింటివాళ్లు చీపురుకర్రతో పైకప్పు మీద టకటకా కొట్టారు. ఆపింది. కాసేపాగి మళ్లీ తొక్కింది. మళ్లీ టకటకా. అరికాలి మంట నెత్తికెక్కింది. మిషను మీద దుప్పటి కప్పేసి, ఆ దుప్పటి మీదే తల పెట్టుకుని కూర్చుంది.

బస్సు సంగతి చెప్పాలంటే అదో కథ. కాలు పెట్టే చోటు లేదు. పక్కన నిలబడ్డ అమ్మాయి "తిన్నావా?" అంది ఆప్యాయంగా. టైలరమ్మకి ప్రాణం లేచొచ్చింది. నగరానికొచ్చాక ఆ ముక్క అడిగిన మొదటి మనిషి.

"ఆ, తిన్నానమ్మా. నువ్వో?"

"మాట్లాడవేం? ఇంకా అలకేనా?" అంది అమ్మాయి.

"నాకెందుకమ్మా అలక! ఇప్పుడేగా చూశాను నిన్ను!"

అమ్మాయి జుట్టు వెనక్కి తోసుకుని చెవిలోంచి తెల్లటి ముక్కొకటి తీసి, "ఫోన్లో ఉన్నానండీ," అంది. చుట్టూ ఉన్నవాళ్లెవరూ నవ్వలేదు కూడా. అదే ఎక్కువ బాధించింది. వాళ్ల ఊళ్లో అయితే ఆ ముక్క ఏడాదిపాటు చెప్పుకుని నవ్వుకునేవారు.

మొగుడు డిపోలో కుదురుకున్నాడు. బస్సులు ఎక్కడైనా బస్సులే, ఇంజన్లు ఎక్కడైనా ఇంజన్లే. సాయంత్రం ఇంటికొచ్చాక, "ఎలా ఉంది?" అని ఆవిడ అడిగితే, "బాగానే ఉంది," అనేవాడు. అలా బాగానే ఉండగలిగినందుకు అతని మీద ఒళ్లు మండిపోయేది.

"నీకు కుట్టు వచ్చుగా వదినా, ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుంది," అని ఆడపడుచే తెలిసినవాళ్లని పట్టుకుని పెద్ద బట్టల కంపెనీలో పని ఇప్పించింది. టైలరమ్మ కత్తెర, టేపు, సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కునే అంగుష్ఠానా అన్నీ సంచిలో వేసుకుని బయల్దేరింది. గుమ్మంలోనే సెక్యూరిటీ మనిషి కత్తెర తీసేసుకున్నాడు.

"కత్తెర లేకుండా కుట్టేదెలాగయ్యా?"

"కత్తిరించేవాళ్లు వేరే ఉన్నారమ్మా."

లోపల, చూపు ఆననంత హాలు. వరసల కొద్దీ మిషన్లు, వాటి మీద వంగిన వీపులు. లైను సూపర్‌వైజరు కుర్రాడు, గడ్డం కూడా సరిగ్గా రాలేదు, ఆవిణ్ని ఒక మిషను ముందు కూర్చోబెట్టి గుడ్డముక్కల కట్ట ముందు పెట్టాడు. అవన్నీ చొక్కా చేతులు. మణికట్టు దగ్గర చీలికకి పట్టీ కుట్టాలి. కుట్టి పక్కన పెట్టాలి.

కట్ట అయిపోయింది. ఇంకో కట్ట వచ్చింది. అవీ చేతులే. పరీక్షగా చూసింది. అన్నీ ఎడమ చేతులు.

"బాబూ, కుడి చేతులేవి?"

"అవి వేరే వరసలో కుడతారమ్మా."

"మరి చొక్కా?"

"కింది హాల్లో అతుకుతారు."

"ఎవరి చొక్కా ఇది?"

కుర్రాడు ఆవిడ వంక జాలిగా చూశాడు. "మీకెందుకమ్మా? పట్టీ కుట్టండి."

రోజులు గడిచాయి. చారల ఎడమ చేతులు, గళ్ల ఎడమ చేతులు, నీలం ఎడమ చేతులు. పక్క మిషను మీద కళ్లద్దాలావిడ ఒకత్తె ఉండేది. "మీరెప్పుడైనా చొక్కా మొత్తం చూశారా?" అని అడిగితే, "ఎందుకు చూడలేదూ, మా ఆయన వేసుకుంటాడుగా," అంది. ఆ జవాబుకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పడుకుంటే కలలో చేతులు. అవి కూడా ఎడమవే.

ఒక మధ్యాహ్నం అందరూ భోజనానికి లేస్తే ఈవిడ తిండి మానేసి మెట్లు దిగింది. ఏమైతే అయింది, తను కుట్టిన చెయ్యి ఏ ఒంటికి అతుక్కుందో కళ్లారా చూడాలి. కింది హాలు దాటింది. "ఎక్కడికమ్మా?" అన్నవాళ్లకి "సూపర్‌వైజరు పంపాడు" అని అబద్ధమాడింది. చివరికి చొక్కాలు మడతపెట్టి పెట్టెల్లో సర్దే గది చేరింది. అక్కడొక బలమైన ఆవిడ మడతలు పెడుతోంది, చేతులు మిషను కన్నా వేగంగా ఆడుతున్నాయి.

"ఒక్కటి చూపిస్తారా? పూర్తయిన చొక్కా. ఎడమ చెయ్యి నాది."

మడతలావిడ వింతగా చూసి, ఒకటి విదిలించి పట్టుకుంది. టైలరమ్మ దగ్గరికెళ్లి చూసింది. నీలం చారల చొక్కా. కాలరు పల్చగా, భుజం కుట్టు వంకరగా, చారలు ఒకదానికొకటి కలవకుండా ఉంది. కొండని తవ్వి ఎలుకని పట్టినట్టయింది.

"ఇంతేనా?" అంది.

"ఇంతే," అంది మడతలావిడ. చొక్కాని బోర్లా పరిచి, చేతులు రెండూ వీపు వెనక్కి మడిచి, పైన అట్ట పెట్టి తిప్పేసింది. ఇప్పుడు కాలరూ బొత్తాలూ తప్ప ఏమీ కనబడటం లేదు.

"నా పట్టీ ఏది?"

"వెనక్కి పోయిందిగా. చేతులెవరు చూస్తారమ్మా? కాలరు చూసి కొంటారు."

అప్పుడే సూపర్‌వైజరు కుర్రాడు రొప్పుకుంటూ వచ్చాడు. ఇంత పెద్దావిడని తిట్టడానికి మొహమాటపడ్డాడు. చివరికి, "ఇవాళ్టికి ఇంటికి వెళ్లిపోండి," అన్నాడు. "రేపు కూడా ఇలాగే చేస్తే మాత్రం ఇక రావద్దు."

బస్సు దిగి మేడ చేరేసరికి లిఫ్టు పాడై ఉంది. మెట్లెక్కుతోంది. సగంలో ఆడపడుచు కనబడింది, పైనుంచి దిగుతోంది. ఈ వేళప్పుడు వదిన ఇంటికెందుకొచ్చిందని అడిగి, జరిగిందంతా విని, తల పట్టుకుంది.

"అయ్యో, ఇక్కడ అలా కాదు వదినా! ఎవరి పని వాళ్లు చేసుకోవాలి. అలా తిరగకూడదు."

అంతే. ఇన్నాళ్లూ దిగమింగుకున్నదంతా ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

"ఎలాగే మరి ఇక్కడ? ఎలాగో చెప్పి చావు! లిఫ్టులో మాట్లాడకూడదు, తలుపు తట్టకూడదు, మిషను తొక్కకూడదు, బస్సులో జవాబు చెప్పకూడదు! రోజంతా ఎడమ చేతులు కుట్టాలి, ఆ చేతుల్ని వీపు వెనక దాచెయ్యాలి! నేనేమైనా రాయినా? నన్ను పేరు పెట్టి కాదు, కనీసం ఒసేయ్ అని పిలిచే దిక్కు కూడా లేదే ఈ ఊళ్లో!"

మేడంతా మారుమోగింది. తలుపులు తెరుచుకున్నాయి. కింద ఒకటి, పైన రెండు. గొలుసులు తీసి మరీ మనుషులు బయటికొచ్చారు. ఎదురింటి అర ముక్కు పూర్తి ముక్కై, గుండ్రటి మొహంతో గుమ్మంలో నిలబడింది. కిందింట్లోంచి ఒక ముసలాయన చీపురుకర్రతో సహా వచ్చాడు. దొంగలు పడ్డారనుకున్నాడు పాపం.

ఆడపడుచు వెనక్కి తగ్గుతుందనుకుంటే, మెట్టు మీద కూలబడి ఏడవడం మొదలుపెట్టింది.

"నాకు మాత్రం ఏం తెలుసు వదినా! నేనొచ్చినప్పుడు ఇవేవీ చెప్పేవాళ్లు లేరు. పలకరించిన ప్రతిచోటా మొహం పగిలింది. పళ్ల నొప్పితో వచ్చేవాళ్లు తప్ప నాతో మాట్లాడేవాళ్లు లేరు. వాళ్లు కూడా నోరు పట్టుకునే మాట్లాడతారు. నీకలా కాకూడదని ముందే చెబుతున్నాను. అంతే."

టైలరమ్మ కోపం ఎటుపోవాలో తెలియక అక్కడే ఆగిపోయింది. ఇన్నేళ్లూ ఈ పిల్ల ఫోన్లో "హాయిగా ఉన్నాను" అని చెబుతుంటే తామంతా నమ్మారు. పక్కన కూర్చుని కొంగుతో దాని మొహం తుడిచింది.

"నోరు పట్టుకునా?" అంది టైలరమ్మ.

"ఊఁ."

ఇద్దరికీ నవ్వొచ్చింది. పైన ఎవరో కూడా నవ్వారు. ముసలాయన మాత్రం ఇదే అదనని, "అమ్మా, ఆ చప్పుడు మీ మిషనుదేనా? నేనింకా ఎలకలనుకున్నాను," అన్నాడు.

"ఎలకలు దిండు గలీబులు కుడతాయా తాతగారూ?" అని కసిరింది టైలరమ్మ. కసిరినా, పగటిపూట ఆయన నడకకి వెళ్లే వేళేదో అడిగి తెలుసుకుంది. సెలవు రోజుల్లో ఆ వేళకే మిషను తొక్కడం అలవాటు చేసుకుంది.

ఆ రోజుతో నగరం మారిపోయిందనుకోవద్దు. లిఫ్టులో మనుషులు ఇప్పటికీ అంకెలే చూస్తారు. ఎదురింటావిడ తల ఊపుతుంది కానీ మాట పెగలదు. టైలరమ్మ మర్నాడు బుద్ధిగా పనికి వెళ్లి మళ్లీ ఎడమ చేతుల ముందు కూర్చుంది. కాకపోతే మడతలావిడ ఆవిణ్ని మర్చిపోలేదు. భోజనాల దగ్గర వెతుక్కుంటూ వచ్చి, "నువ్వేనా చెయ్యి కోసం వచ్చినావిడవి?" అని ఎదురుగా కూర్చుంది. ఆవిడే ఒక సంగతి చెప్పింది. పై అంతస్తులో నమూనా గది ఉంది, అక్కడ ఒక్కో కొత్త రకం చొక్కా మొత్తం ఒకరే కుడతారు.

ఇక టైలరమ్మ సూపర్‌వైజరు కుర్రాణ్ని వదల్లేదు. అతను ఆ వరసలోకి వస్తే చాలు, "నమూనా గది సంగతి ఏమైంది బాబూ?" అనేది. అతను దారి మార్చుకుని తిరగడం మొదలుపెట్టాడు. ఏడాది తిరిగేసరికి, ఆ పోరు పడలేకో, నిజంగానే ఖాళీ వచ్చిందో, ఆవిణ్ని పైకి పంపించారు. కత్తెర కూడా ఇచ్చారు.

మొదటి చొక్కా మొత్తం తన చేత్తోనే కుట్టింది. కాలరు, భుజాలు, రెండు చేతులు. దాన్ని తీసుకెళ్లి తల లేని ఒక బొమ్మకి తొడిగారు. బొమ్మ ఊపిరి పీల్చదు, వంగదు, బిగుతుగా ఉందని పేచీ పెట్టదు. ఆవిడ చుట్టూ తిరిగి చూసి చిరాకుపడింది.

"దీనికేం తెలుస్తుంది, చంకలో పట్టేసిందో లేదో!"

ఏదో పని మీద కుర్రాడు అప్పుడే ఆ గదిలోకి వచ్చాడు. ఆవిడ చొక్కా ఊడదీసి అతని మీదికి విసిరింది.

"తొడుక్కో."

"నేనా? అలా చెయ్యరమ్మా..."

"తొడుక్కోమన్నానా!"

తొడుక్కున్నాడు. గదిలో ఉన్నవాళ్లంతా కుట్టడం ఆపి చూస్తున్నారు. ఆవిడ మెడలోంచి టేపు తీసి, అతని భుజం మీద వేలితో సర్ది, ఒకడుగు వెనక్కి జరిగింది.

"చెయ్యెత్తు బాబూ. ఆ... ఇంకాస్త. సరిగ్గా తింటున్నావా అసలు? ఈ భుజాలేమిటి ఇలా ఉన్నాయి?"