ఎస్తేరు రెండో కవిత కోసం కొల్లేటి లంకకు

దాచడం దేనికి, ఈ ప్రయాణానికి కారణం అసూయ. ఇరవయ్యేళ్లుగా తాడేపల్లిగూడెం నుంచి కవిత్వ పత్రిక నడుపుతున్నాను. మా ఊళ్లోనే, నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడైన ఒక సంపాదకుడు రోజుకో కవిత చదివి ఫోన్లకు పంపుతాడు. కిందటి నెల అతను కొల్లేటి లంకలో రొయ్యలు ఒలిచే ఎస్తేరు కవిత చదివాడు. ఐసులో మొద్దుబారిన వేళ్లకు బిడ్డ నుదుటి జ్వరం తెలియలేదన్న కవిత. శ్రామికుల కవిత్వం కావాలని గొంతు చించుకున్నది నేను, ఆమె దొరికింది అతనికి. రెండో కవితైనా ముందు నా పత్రికలో రావాలని బయల్దేరాను.

ఉదయం ప్యాసింజరు ఎక్కితే ఉంగుటూరు మీదుగా గంటలో ఏలూరు. అక్కడ ఇడ్లీ తిని, లంకకు షేర్ ఆటో ఎక్కాను. మనిషికి యాభై రూపాయలు, ముప్పావుగంట. దారి పొడవునా చేపల చెరువులే. సరస్సును గట్లు వేసి పంచుకున్నవాళ్లే మనకు పక్షుల గురించి ఉపన్యాసాలిస్తారు. ఆటోలో వినిపించింది మాత్రం వాళ్ల గొంతు కాదు, నా పోటీదారుడిది.

“కవిత్వం వింటారా మీరు?” అన్నాను డ్రైవరుతో.

“పొద్దున్నే ఇది వింటేగానీ బండి తియ్యనండి. మీరు వినరాండి?”

“నేను అచ్చు వేస్తాను.”

“అలాగాండి. ఎక్కడ దొరుకుద్దండి?”

ఏలూరులో ఎక్కడా దొరకదు. మాట మార్చి చెరువుల గురించి అడిగాను.

ఎస్తేరు రొయ్యల షెడ్డు నుంచి పదకొండింటికి ఇంటికి వచ్చి, స్టీలు గ్లాసులో టీ తెచ్చింది. వేడికి పట్టుకోలేక కింద పెట్టేశాను. ఫోన్లో విన్నది గాలికి పోతుందని, అచ్చే నిలుస్తుందని వాదించాను.

“ఆ కవిత ముందు మీకే పంపానండి, రెండేళ్ల కిందట,” అంటూ బైబిల్లోంచి ఒక కార్డు తీసింది. నా దస్తూరీ. ‘జ్వరం తెలియకపోవడం ఊహ. ముందు పనిచేసేవాళ్లను గమనించండి.’

అయినా రెండో కవిత అడిగాను.

“ఫోన్లో చదివే మాస్టారికి పంపేశానండి. ఆయన చదివితే షెడ్డులో అందరం వింటామండి. మీ పుస్తకమైతే మాలో చదవగలిగేది నేనొక్కదాన్నేనండి.”

మొదటి కవితే వేసుకుంటానన్నాను. “వేసుకోండి, కార్డు కూడా ఉంచుకోండి,” అంది.

తిరుగు రైల్లో నిర్ణయించుకున్నాను. కవిత కింద నా కార్డు అచ్చవుతుంది, ముందు చదివి వినిపించిన వాడి పేరూ ఉంటుంది. అసూయ తగ్గిందా అంటే లేదు. ఆ షెడ్డు దాకా వెళ్లే గొంతు నాది కాదు. లంకకు వెళ్లేవాళ్లు పదకొండు దాటాక చేరండి, పనివాళ్లు అప్పుడే ఇళ్ల దగ్గర ఉంటారు. టీ ఇస్తే గ్లాసును చేతిరుమాలుతో అందుకోండి. ఇచ్చినవాళ్లకు ఆ వేడి తెలియదు.