ఓమా తోటలో మూడు ముళ్ళ జెండా

జర్మనీకి వచ్చిన కొత్తలో, ఎదురుపడిన ప్రతి మనిషికీ (ఒకట్రెండుసార్లు కుక్కలకీ) 'గూటెన్ మోర్గెన్' అని శుభోదయం చెప్పేసే ఆ రోజుల్లో, మనిషికి దేశం మీద ప్రేమ ఎక్కడ మొదలవుతుందా అని తీరిగ్గా ఆలోచిస్తుండేదాన్ని. నాకైతే కిటికీ దగ్గర మొదలైంది. చిన్నప్పుడు నాకు ఉబ్బసం. సుద్దముక్క పొడి తగిలితే చాలు, ఊపిరి ఆడేది కాదు. అందుకని బడికి పంపకుండా తాతయ్యే ఇంట్లో చదువు చెప్పారు. ఎదురుగా బడి. ఆగస్టు పదిహేను పొద్దున్నే తలంటి పోసుకుని, కొత్త గౌను వేసుకుని, కిటికీ ఊచలు పట్టుకుని చూసేదాన్ని. జెండా విప్పుకోగానే ఇటు నేనూ నిటారుగా నిలబడేదాన్ని. తాతయ్య తన కండువాలో బంతిరేకులు పోసి, మడిచి, ఊచకి జారుముడి వేసి నాచేత లాగించేవారు. "పదిహేనో తారీఖు జెండా కిందనుంచి పైకెక్కాలమ్మా, ఆ రోజు దేశం లేచి నిలబడింది కదా. జనవరి ఇరవయ్యారుకి ముందే పైన ఉంటుంది, ముడి విప్పితే చాలు. లేచిన దేశం తన మాట తాను రాసుకున్న రోజది" అనేవారు. ఆ జెండాకి మొదటి రూపం గీసింది మన కృష్ణా జిల్లా ఆయనేనని చెప్పేటప్పుడు మాత్రం, తనే పక్కన కూర్చుని గీయించినట్టు మీసం సవరించుకునేవారు. ఇంత తెలిసీ, నిజం జెండా కింద మాత్రం నేనెప్పుడూ నిలబడలేదు.

ఎష్‌బోర్న్‌లో మా అపార్టుమెంటు వెనక చిన్న చిన్న తోటలు వరసగా ఉండేవి. అందులో ఒకటి మా కింది వాటాలో ఉండే జర్మన్ పెద్దావిడది. అందరం ఆవిణ్ణి 'ఓమా' అనేవాళ్ళం, అంటే అమ్మమ్మ. ఆ తోట మధ్యలో ఒక తెల్లటి జెండా స్తంభం, దాని మీద వాళ్ళ ఫుట్‌బాల్ జట్టు జెండా. ఆ స్తంభాన్ని చూసినప్పుడల్లా నా ప్రాణం లాగేసేది. చివరికి ఒకరోజు పులిహోర డబ్బా పట్టుకెళ్ళి, వచ్చిన నాలుగు ముక్కల జర్మన్‌కి చేతులూ కళ్ళూ కలిపి, ఆగస్టు పదిహేనుకి ఆ స్తంభం మీద మా జెండా ఎగరేసుకోనిమ్మని అడిగాను. ఆవిడ పులిహోర రుచి చూసి, "ఒక్క పొద్దుటికి సరే" అంది.

మావారి ఆఫీసులో కరీంనగర్ అన్నయ్య ఒకరు ఉండేవారు. పుట్టినరోజు పార్టీ అయినా సరే మైకు ఎక్కడుందో వెతుక్కునే మనిషి కనుక ఆయన్ని మైకన్నయ్య అనుకునేవాళ్ళం (ఆయన లేనప్పుడు). ఆయన నాలుగు కుటుంబాల్ని పోగేశారు. "జెండా ఎవరు కడ్తరు మరి? నేనైతే స్పీచ్ జూస్కుంట" అన్నారు. నేను కడతానన్నాను. "ఏ స్కూల్ల నేర్చినవ్ చెల్లె?" అంటే, "ఇంట్లోనే అన్నయ్యా" అన్నాను. ఆయన మావారి వంక చూశారు. మావారు ఆకాశం వంక చూశారు.

జర్మనీలో ఆ రోజు ఆఫీసుంది కనుక పొద్దున్నే ఏడింటికి ముహూర్తం. నేను ఇంకా ముందే లేచి దీపం పెట్టుకుని, చీర కట్టుకుని, జెండా మడతలో గులాబీ రేకులు పోశాను. వాటితోపాటు దేవుడి దగ్గరి అక్షతలు కూడా నాలుగు వేశాను (రేకులు తప్ప మరేదీ వేయకూడదని తెలుసు, కానీ ఆశీర్వచనం లేకుండా ఎలా పంపను). తాతయ్య నేర్పినట్టే జారుముడి వేశాను. సరిగ్గా అప్పుడే గాలి వీచింది. మధ్యదారిలో ఊడిపోతే? దాని మీద ఇంకో ముడి వేశాను. రెండు ముళ్ళతో ఆపడం మనకి అలవాటు లేదు కదా, 'శ్రీరామరక్ష' అనుకుంటూ మూడోదీ వేశాను.

జెండా చకచకా పైకెక్కింది. పెద్దావిడని ఓమా చేతికి తాడిచ్చారు. ఆవిడ లాగింది. జెండా కదల్లేదు. తన పని అయిపోయిందనుకుని ఆవిడ నవ్వుతూ తాడు వదిలేసింది. ఈలోపు మైకన్నయ్య ఫోన్లో జాతీయగీతం పెట్టేశారు. ఇక కదలడానికి లేదు. పైన మన జెండా కొత్తింటి గుమ్మానికి కట్టిన బూడిద గుమ్మడికాయలా వేలాడుతోంది, కింద మేమంతా దానికే వందనం చేస్తూ బిగుసుకుపోయి నిలబడ్డాం. మావారు పెదవులు కదపకుండా "ఎన్ని ముళ్ళేశావు?" అన్నారు. "మూడు" అన్నాను నేనూ అలాగే.

పాట అయిపోగానే నేను తాడు అందుకున్నాను. "ఆగు చెల్లె, దించుతవా ఏంది? ఎక్కిన జెండ పొద్దు గూకేదాంక దిగొద్దు."

"విప్పుకోకుండా పొద్దు గూకేదాకా ఉంచుతామా అన్నయ్యా?"

"ఆఫీసులో స్టాండప్ మీటింగుంది నాకు" అన్నారు మావారు, ఎవరి పక్షమో తేలకుండా.

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా మొదటి జెండా పండగ ఇలా మూటకట్టి ఉండిపోతుందా అనిపించింది. ఎక్కించేటప్పుడు హుషారుగా, దించేటప్పుడు నెమ్మదిగా, మర్యాదగా అని తాతయ్య చెప్పిన మాట మనసులో మెదిలింది. దించడానికీ ఒక పద్ధతుందంటే దించడం తప్పు కాదన్నమాటే. ఊపిరి బిగపట్టి, అంగుళం అంగుళం దించాను. నేల తగలకుండా ఓమా తన రెండు చేతులూ చాపింది, పసిపిల్లని అందుకున్నట్టు. ఆ చేతుల్లోనే ఉంచి మూడు ముళ్ళూ గోళ్ళతో విప్పి, ఒకే ఒక్క జారుముడి వేశాను.

జెండా మళ్ళీ పైకెక్కాక, ఈసారి తాడు నా చేతికే ఇచ్చింది ఓమా. లాగాను. ఫెళ్ళున విప్పుకుంది. గులాబీ రేకులూ పసుపు బియ్యమూ అందరి నెత్తిన పడ్డాయి. కాషాయం, తెలుపు, ఆకుపచ్చ, మధ్యన ఆ నీలం చక్రం. కిటికీ ఊచలు అడ్డం లేకుండా మొదటిసారి మొత్తం చూశాను. "మల్లొకపారి పాడుడే" అన్నారు మైకన్నయ్య. స్పీచి సంగతే మర్చిపోయారు. అందరూ పాడారు. నేను నిటారుగా నిలబడ్డానంతే.

తర్వాత ఓమా జుట్టులోంచి ఒక అక్షింత తీసి ఏమిటని అడిగింది. దీవెన అని మావారు జర్మన్‌లో చెప్పారు. ఆవిడ దాన్ని పారేయకుండా ఏప్రన్ జేబులో వేసుకుంది. "మాకు దేశం జెండా చూస్తే కొంచెం బెరుకు. యుద్ధం నాటి పాత సంగతులు గుర్తొస్తాయి" అని, జెండా వంక చూసి, "స్నానం చేసి, పూలు తెచ్చి, దాని కింద నిలబడి నవ్వే వాళ్ళని ఇప్పుడే చూశాను" అంది. మావారు అది తెలుగులో చెబుతుంటే, ఇలాంటి జెండాని నాకిచ్చిన వాళ్ళందరికీ మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

ఇప్పుడు వేడుక పెద్ద హాల్లో జరుగుతోంది, మైకన్నయ్యకి నిజం మైకే ఉంది. జెండా కట్టే పని మాత్రం ప్రతి ఏడూ నాదే. జారుముడి వేశాక నా వేళ్ళు వాటంతటవే రెండో ముడికి పోతాయి. తాడు దాకా పోనిచ్చి, అక్కడ ఆపుతాను. గాలికి భయపడి దేశాన్ని గట్టిగా కట్టేసుకున్న ఆనాటి నన్ను తలుచుకుని నవ్వుకుంటాను. నవ్వుతూనే, ఒకసారి కిటికీ వైపు చూసి గాలి ఎలా ఉందో కనుక్కుంటాను.