జేబులో ఆసుపత్రి

మా మేనత్త ఈ బడికి మొట్టమొదటి నర్సు. పిల్లలు పెట్టిన పేరు దూదత్తయ్య. ఆవిడ చేరిన కొత్తలో బడంటే రెండు రేకుల షెడ్లు, ఆసుపత్రంటే వరండాలో ఒక బల్ల, దాని కింద మందుల పెట్టె. మోకాలు చీరుకుపోయినా, జ్వరమొచ్చినా, లెక్కల పరీక్షనాడు కడుపునొప్పొచ్చినా ఆ బల్ల మీదే వైద్యం. ఆ లెక్కలు చెప్పేది నేనే కాబట్టి నాకు బాగా తెలుసు.

పక్కన ఫ్యాక్టరీ వచ్చింది, ఇళ్లొచ్చాయి, బడి మేడలెక్కింది. బ్యాండు డప్పులకు ఒక గది, విరిగిన కుర్చీలకు ఒక గది. జబ్బు పిల్లలకు మాత్రం చోటు లేదు పాపం! అత్తయ్య అడిగి అడిగి నోరు నొప్పి పుట్టాక, ఎవరో దాత పుణ్యమా అని గది కట్టారు. తెల్లటి మంచం, మందుల బీరువా, గాజు తలుపు. వరండాలోని పెట్టె కూడా అందులోకే చేరింది.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. రిబ్బను కత్తిరించిన సాయంత్రమే హెడ్మాస్టరుగారు గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నారు.

"పిల్లలొస్తే మురికైపోదూ నర్సమ్మా? రేపు పెద్దవాళ్లెవరైనా వస్తే ఏం చూపిస్తాం? మందు కావాలంటే నన్నడుగు, తీయిస్తాను."

ఎంత ముందుచూపో! ఆసుపత్రి శుభ్రంగా ఉండాలంటే రోగులు రాకూడదు మరి.

ఒక మధ్యాహ్నం ఆరో తరగతి పిల్లకి ఉబ్బసం తిరగబెట్టింది. పెదాలు నీలంగా మారాయి. పీల్చే మందు బీరువాలో ఉంది, తాళంచెవి జేబులో ఉంది, జేబేమో ఊళ్లో సన్మానసభలో ఉంది. నేను ఫోను చేస్తూనే ఉన్నాను, ఆయన ఎత్తరే! అత్తయ్య స్టూలెత్తి గాజు తలుపు భళ్లున పగలగొట్టింది. చేతికి రక్తం కారుతుండగానే పిల్లచేత మందు పీల్పించింది. దాని ఊపిరి కుదుటపడేదాకా నా ప్రాణం నాలో లేదు.

హెడ్మాస్టరుగారు వచ్చి ముందు తలుపు చూశారు.

"అయ్యయ్యో, కొత్త తలుపమ్మా! కాస్త ఆగలేకపోయావా?"

"నేనాగేదాన్నే సార్. పిల్ల ఆగేలా లేదు."

ఆ మాటతో ఆయనకి బుద్ధొచ్చిందనుకున్నాను. వచ్చింది కూడా. వారం తిరక్కుండా ఇనప తలుపు పెట్టించారు. తాళంచెవి మళ్లీ జేబులోకే వెళ్లింది.

ఈ నెలాఖరుకి అత్తయ్య రిటైరవుతోంది. ఇంత మంచి గదుండగా మళ్లీ నర్సెందుకని బడి కమిటీవారు తేల్చేశారు. నిన్న అత్తయ్య నన్ను వరండాలోకి పిలిచి, తన సంచిలోంచి పీల్చే మందు తీసి నా చేతిలో పెట్టింది.

"లెక్కలు కాస్త తప్పినా ఫర్వాలేదే, ఇది మాత్రం తప్పకూడదు. ఏదీ, మళ్లీ ఒకసారి చేసి చూపించు."

చేసి చూపించాను. మందు నా సంచిలో వేసుకున్నాను.