చెంచాల మీద ఫ్యూషా పూలు

షెఫీల్డ్‌లో వెండి మీద నగిషీ చెక్కేవాళ్లలో జోబ్ హించ్‌లిఫ్‌ను మించినవాణ్ని నేను చూడలేదు. పదకొండేళ్లు అతని పక్క బల్ల దగ్గరే పనిచేశాను.

మా యజమాని పార్జిటర్ పాతకాలపు సాదా వెండి చెంచాల మీద మాచేత పళ్లూ ఆకులూ చెక్కించి, నగిషీ కూడా ఆనాటిదేనని అమ్మేవాడు. కొత్తగా వచ్చిన విద్యుత్తు బంగారు పూత గుట్టు బయటపెడుతుందని, పాదరసం కలిపి కాల్చే పాత పద్ధతిలోనే పూత వేయించేవాడు. ఆ పని జోబ్ భార్య కెజయాది. ఆ పొగకు ఆమె పళ్లు ఊడిపోయాయి, చేతులు వణికాయి. “తాగుడు తగ్గించవమ్మా” అని నవ్వి పార్జిటర్ ఆమెను పనిలోంచి తీసేశాడు. ఆమె ఏనాడూ చుక్క ముట్టలేదు. ఆ శీతాకాలంలోనే చనిపోయింది.

జోబ్ పని మానలేదు.

“వాడి మొహం ఎట్లా చూస్తున్నావయ్యా?” అని అడిగాను.

“మొహమెవడు చూస్తాడు? పని చూసుకుంటున్నా.”

మార్చిలో నాలుగు పెద్ద వడ్డన చెంచాలు వచ్చాయి, రెండో జార్జి రాజు కాలానివి. కొనేది మిసెస్ ఆల్డర్సన్, మొక్కలంటే ప్రాణమిచ్చే మనిషి.

“దట్టంగా వెయ్యి జోబ్. పూలు నీ ఇష్టం” అన్నాడు పార్జిటర్.

జోబ్ చెంచాలను కదలకుండా గుగ్గిలం ముద్దలో బిగించి పది రోజులు కూర్చున్నాడు. స్ట్రాబెర్రీల మధ్య ఫ్యూషా పూలు చిన్న గంటల్లా వేలాడాయి. కేసరాలతో సహా నిజం పూలే. నాకు అసూయ పుట్టింది. పూత కూడా తనే వేశాడు, ఇంకొకరిని ఆ పొగలోకి పంపనన్నాడు.

కొన్న వారానికే మిసెస్ ఆల్డర్సన్ చెంచాలతో కొట్టుకు వచ్చింది.

“ఈ నగిషీ ఎప్పటిదండీ?”

“చెంచాతో పుట్టిందేనమ్మా. నూరేళ్ల పైమాట.”

“విచిత్రమే. ఈ పువ్వు సముద్రం దాటి మన దేశానికొచ్చి డెబ్బై ఏళ్లే. మా అమ్మమ్మ మొదటి మొక్క తెస్తే ఊరంతా చూడ్డానికొచ్చిందట.”

పార్జిటర్ జోబ్‌ను కేకేశాడు. “ఇది పాత పనేనని అమ్మగారికి చెప్పు.”

జోబ్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. “మొన్న మార్చిలో నేను చెక్కిందమ్మా. ఇట్లాంటివి ఎవరెవరి ఇళ్లకు వెళ్లాయో కూడా చెప్తాను.”

“మతిపోయిందా? నిన్నూ లోపలేస్తారు.”

“వెయ్యనీ. పక్కపక్కనే కూర్చుందాం.”

పార్జిటర్‌కు పద్దెనిమిది నెలల జైలు పడింది, జోబ్‌కు రెండు నెలలు. తర్వాత జోబ్ చేతికి ఎవరూ వెండి ఇవ్వలేదు. కత్తులకు పిడులు బిగించే పని చేసుకున్నాడు. ఆ పిడుల్లో ఒక్కటీ కదిలేది కాదు.

కసి తీరిందా అని ఒకసారి అడిగాను.

“లేదు” అన్నాడు. “పద్దెనిమిది నెలలకు వాడు ఇంటికొచ్చేశాడు.”