చిరగని ప్యాంటు

ఇప్పుడంటే సొంతంగా వెల్డింగ్ షెడ్డు పెట్టుకుని నలుగురిచేత 'గారూ' అనిపించుకుంటున్నాను గానీ, ఆ రోజుల్లో నా పేరు కిటికీ. గుంటూరులో ఓ మిరపకాయల గోడౌన్‌కి కొత్త షట్టర్లు బిగిస్తున్నాం. నేను పనిలో చేరి నెల తిరగలేదు. నిచ్చెన మీంచి పక్క కమ్మీ మీదికి కాలు చాపానో లేదో, నా పాత ప్యాంటు వెనకాల పర్రుమంది. కింద టిక్కీలు, అదే మిరపకాయల బస్తాలు, మోసే ముఠా అంతా తలెత్తి చూసింది. "ఒరేయ్, కిటికీ తెరిచావు, గాలి బాగా ఆడుతోందా?" అన్నాడు మా మేస్త్రీ. అంతే, సాయంత్రానికి గేటు దగ్గర టీ కొట్టాయన కూడా "కిటికీకి ఒక టీ" అనడం మొదలెట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఈ పేరు చెరిపేసే ప్యాంటు కొనేదాకా నిద్రపోనని ఒట్టేసుకున్నాను (నిద్ర మాత్రం పోయాను లెండి).

ఆదివారం బట్టల కొట్లో జీన్సు మడతలన్నీ విప్పించాను. ఒకదాన్ని వెలుతురుకు పట్టి చూస్తే అవతలి వీధి కనబడింది, వద్దన్నాను. ఇంకోటి సాగింది. "సాగితే సుఖం కదా బాబూ" అన్నాడు కొట్టాయన. "నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుందండీ, నాకు అచ్చంగా నూలుదే కావాలి" అన్నాను. ప్రతిదాన్నీ తిరగేసి కుట్లు లాగాను, తొడుక్కుని కొట్టు మధ్యలో గొంతుక్కూర్చున్నాను. "ప్యాంటు కొంటున్నావా, ఎడ్లసంతకొచ్చావా?" అన్నాడాయన, పాపం ఓపిక నశించి. ఆఖరికి ఒకటి దొరికింది. ఎంత దళసరంటే, కూర్చోబోతే సగంలో ఆగిపోయాను. "ఒకసారి నానబెట్టి ఉతికి వేసుకో, మెత్తబడుతుంది" అన్నాడు. మెత్తబడితే చిరగదూ? నేనెందుకు ఉతుకుతాను!

మర్నాడు మేస్త్రీ షట్టరు అడుగున అతుకు వెయ్యమన్నాడు. వంగుదామంటే ప్యాంటు వంగదు. సరే అని కాళ్లు బారజాపి నేలమీదే కూలబడ్డాను. టిక్కీలైతే అవతలికి జరిపారు గానీ, ఆ నేలంతా మిరపపొడే. ఎండాకాలం, చెమట. పొడి మెల్లిగా బట్టలోకి దిగింది, బట్టలోంచి నాలోకి దిగింది. ఎక్కడెక్కడ మండిందో అడక్కండి. 'అబ్బా' అంటే నవ్వుతారని పళ్లు బిగబట్టి అతుకు పూర్తిచేశాను. అది కాగానే పరుగో పరుగు, గేటు దగ్గర నీళ్ల తొట్టిలో నడుందాకా దూకేశాను. "ఏమైందిరా?" అంటూ మేస్త్రీ వచ్చాడు. నేను లేచి వెనక్కి తిరిగి, "చూడండి మేస్త్రీ, చిరగలేదు!" అని అరిచాను. ఆయన నన్ను పైకీ కిందికీ చూసి, "మిరపకాయ బాగానే మునిగింది, ఇక వేయించడమే మిగిలింది. ఒరేయ్ బజ్జీ, బయటికి రా!" అన్నాడు. కిటికీ పోయింది. బజ్జీ వచ్చింది. ఆ గోడౌన్ వదిలేదాకా అదే నా పేరు.

మొన్న మంగళగిరిలో మా షెడ్డు పనివాళ్లకి ప్యాంట్లు తీసుకుంటూ, అలవాటు చొప్పున ఒకటి తొడుక్కుని అద్దం ముందు గొంతుక్కూర్చున్నాను. కొట్టు కుర్రాళ్లు మర్యాదగా మొహాలు తిప్పుకున్నారు. "ఏరా బజ్జీ, బుద్ధి మారలేదా?" అని వెనకనించి వినబడింది. తల నెరిసిపోయిన మా మేస్త్రీ! ఆ పిలుపు విని ఎన్నేళ్లయిందో! గబుక్కున లేవబోతే మోకాళ్లు పట్టేశాయి. ఆయనే చెయ్యిచ్చి లేపాడు. వెనక్కి తిరిగి చూపించాను. చిరగలేదు.